హెన్రీ ఫాబర్

శలభములన్నియు రెక్కలతో ఎగురునని మనము తలంతుము. కాని కొన్ని జాతులలో ఆడుశలభమునకు రెక్కలే ఉండవు. అది తాను కట్టుకొన్న పుల్లల సంచిలోనే జీవితమును గడపును. ఇట్టి అల్పప్రాణుల చరిత్రను ఓపికతో పరిశీలించి లోకమునకు తెలిపిన మహనీయుడు హెన్రీ ఫాబర్.

ఆయన 1823వ సంవత్సరమున దక్షిణ ఫ్రాన్సులోని సెయింట్ లియాన్స్ అను గ్రామమున పేదకుటుంబములో జన్మించెను. కష్టపడి చదివి ఉపాధ్యాయుడయ్యెను. అవిన్యాన్ పట్టణమున చాలకాలము పనిచేసెను. జీతము స్వల్పము, సంసారము పెద్దది. అచ్చట బాలికలకు పుష్పములు ఫలించు విధమును బోధించినందుకు ఛాందసులు ఆగ్రహించిరి. తుదకు ఆయన కొలువును, అద్దెయింటిని కూడ విడువవలసి వచ్చెను. ఆ ఆపత్సమయమున ఆంగ్లతత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 3000 ఫ్రాంకులు అప్పుగా ఇచ్చి ఆదుకొనెను. ఫాబర్ పాఠ్యగ్రంథములు వ్రాసి ఆ ఋణమును తీర్చెను.

1879లో ఆయన సెరిన్యాన్ గ్రామమున రాళ్లు, ముండ్లు నిండిన బీడునేలను కొనెను. ఇతరులకు కొరగాని ఆ నేలయే ఆయనకు ప్రయోగశాల అయ్యెను. గోడలపైన, త్రోవలప్రక్కన ప్రాకు సంచిపురుగులను ఏరితెచ్చి, జాలీమూతల క్రింద పెంచి, దినదినము కనిపెట్టి చూచెను.

మగశలభము రెక్కలతో వెలువడునపుడు దాని ప్యూపా తొడుగు సంచి అడుగున సగము బయటికి పొడుచుకొని నిలుచును. ఆడుదాని తొడుగు లోపలనే ఉండును. ఎగురలేని ఆ ఆడుదానిని మగది వాసనచే వెదకికొని వచ్చును. ఆడుది సంచిలోనే గ్రుడ్లు పెట్టి మరణించును. పిల్లలు పుట్టగనే తల్లి సంచిని గీకి, ఆ పొట్టుతో తమ తొలి ఉడుపులు తయారుచేసికొనును. ఫాబర్ వానికి అద్దుడుకాగితము నీయగా, కాగితపుటుడుపులనే సిద్ధపరచుకొనెను!

ఆయన పరిశీలనలు 1879 మొదలు 1907 వరకు పది సంపుటములుగా వెలువడెను. కీర్తి వార్ధక్యమున గాని లభింపలేదు. 1915లో, 91 సంవత్సరముల వయస్సున, ఆ బీడునేలలోని యింటనే ఆయన కన్నుమూసెను.

బాలలారా! సంచిపురుగులు ఫ్రాన్సునకే పరిమితములు కావు. మన దేశమున తుమ్మచెట్టును ఆశ్రయించు జాతికి శాస్త్రజ్ఞులు యూమెటా క్రామెరి అని పేరిడిరి. ఎత్తైన మేడలు లేచిన ఖాజాగూడలో సైతము, గుట్టల చెంతనున్న తుమ్మకొమ్మనో, పెరటిచెట్టునో నిదానముగా పరికింపుడు. ఎండుపుల్లలను నిలువుగా పేర్చినట్టి చిన్న సంచి కదలక కొమ్మకు వ్రేలాడుచుండిన, దాని అడుగుభాగమును చూడుడు. తొడుగు పొడుచుకొని యున్నచో మగది వెడలిపోయినదని గ్రహింపుడు. లేనిచో లోపల తల్లి యుండవచ్చును; సంచిని చింపకుడు. అది పుట్టబోవు పిల్లలకు తొలి వస్త్రము.

గొప్ప పరికరములు లేకున్నను, చూచు కన్నులును, వేచియుండు ఓర్పును ఉన్నచో పెరడే విద్యాలయమగునని ఫాబర్ జీవితము మనకు బోధించుచున్నది.