బరంపురం కుర్రాడు, డబ్లిన్ కాలేజీ: వి.వి.గిరి విదేశీ చదువు



పరీక్షలు అయిపోయాయంటే చాలు, మన బడి గేటు దగ్గర విదేశీ చదువుల మాటలు మొదలవుతాయి. ఫలానావాళ్ల అబ్బాయి ఐర్లాండ్ వెళ్లాడట, మనవాణ్ని కూడా పంపవచ్చా అని. అదే ఐర్లాండ్‌కి మన బరంపురం నుంచి ఒక కుర్రాడు 1913లోనే వెళ్లాడని మీలో ఎంతమందికి తెలుసు? ఆయనే వరాహగిరి వెంకటగిరి, తర్వాతి రోజుల్లో భారత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. రాష్ట్రపతుల జాబితాలో ఆయన పేరు మీరు చదివే ఉంటారు. ఇక్కడ మాత్రం ఆ మూడేళ్ల చదువు గురించే ఎక్కువగా చెప్పుకుందాం.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి ఒడిశా రాష్ట్రం లేదు, అది 1936లో ఏర్పడింది. మన ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, తల్లి సుభద్రమ్మ. ఖల్లికోట కాలేజీ దాకా చదువు ఇక్కడే సాగింది. వకీలు గారి అబ్బాయి సీమకు వెళ్లి బారిస్టరై తిరిగి రావాలని ఆ రోజుల్లో ఏ ఇంట్లోనైనా అనుకునేదే. చాలామంది లండన్ వెళ్లేవారు. గిరి డబ్లిన్ వెళ్లారు.

బారిస్టరు పట్టాకి అక్కడ రెండు గడపలు దాటాలి. కింగ్స్ ఇన్స్ అనే న్యాయవాదుల సంస్థలో పేరు నమోదు చేసుకోవాలి. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఏడాదిపాటు న్యాయశాస్త్రం పాఠాలు వినాలి. 1914-15లో ఆ పాఠాలకు కూర్చున్న మొదటి జట్టులో భారతీయులు 13 మంది, వారిలో గిరి ఒకరు. కింగ్స్ ఇన్స్‌లో ఇంకో విడ్డూరం కూడా ఉంది. పరీక్షలు రాస్తే చాలదు, సంస్థ హాలులో లెక్క ప్రకారం ఇన్ని భోజనాలకు హాజరు కావాలి. పంక్తిలో కూర్చోకపోతే పట్టా లేదన్నమాట! గిరి దీంతో సరిపెట్టుకోకుండా కాలేజీలో బీఏకి కూడా చేరారు.

అక్కడ ఆయనకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు థామస్ మెక్‌డొనా. కవి, మంచి పండితుడు. ఈయన గురించి మన బడి పిల్లలు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఐర్లాండ్‌కు సొంత భాష ఉంది, ఐరిష్. ఇంగ్లీషు పాలనలో అది బడుల్లోంచీ ఇళ్లల్లోంచీ తప్పుకుంటూ వచ్చింది. దాన్ని నిలబెట్టాలని పాట్రిక్ పియర్స్ అనే ఆయన 1908లో ఐరిష్, ఇంగ్లీషు రెండింటిలోనూ పాఠాలు చెప్పే బడి పెట్టారు. మెక్‌డొనా ఆ బడిలోనూ పనిచేశారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, పరీక్షలో మూడో భాషతో నెగ్గుకొచ్చే మనకి ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు.

చదువు గదిలోనే ఉండిపోలేదు. గిరి వెళ్లిన ఏడాదే, యూనియన్‌లో చేరారన్న కోపంతో డబ్లిన్ యజమానులు దాదాపు 20,000 మంది కార్మికులను పనిలోకి రానివ్వలేదు. ఆ గొడవ నెలల తరబడి సాగింది. కార్మికుల నాయకుల్లో జేమ్స్ కనోలీ ఒకరు.

ఇటు భారతీయ విద్యార్థులూ ఊరికే కూర్చోలేదు. దక్షిణాఫ్రికాలో మనవాళ్లు పడుతున్న అవమానాల మీద ఒక కరపత్రం వేశారు. అది నిఘావాళ్ల చేతికి చిక్కింది, అప్పట్నుంచి ఈ కుర్రాళ్ల మీద పోలీసుల కన్ను పడింది. యుద్ధం మొదలయ్యాక గిరి లండన్ వెళ్లి గాంధీగారిని కలిశారు. రెడ్‌క్రాస్ సేవలో చేరమని గాంధీగారు అడిగితే మొదట సరేనన్నారు, తర్వాత మనసు ఒప్పలేదు. గాంధీగారు ఏమీ అనుకోకుండా ఆ మాట నుంచి ఆయన్ని విడిచిపెట్టారు.

1916 ఏప్రిల్ 24న డబ్లిన్‌లో తిరుగుబాటు వచ్చింది. పియర్స్, కనోలీ ముందున్నారు. క్లాసులో ఇంగ్లీషు కవిత్వం చెప్పిన మెక్‌డొనా ఒక బిస్కట్ ఫ్యాక్టరీని పట్టుకుని దళాన్ని నడిపించారు. వారం తిరక్కుండానే అంతా అణిచేశారు. మే 3న పియర్స్‌ని, మెక్‌డొనాని కాల్చి చంపారు. గాయాలతో నిలబడలేని కనోలీని మే 12న కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు.

గిరికి ఈ నాయకులతో సంబంధాలున్నాయని ప్రభుత్వానికి అనుమానం. భారతీయ విద్యార్థుల గదులు సోదా చేశారు. జూన్ 1న గిరి చేతికి నోటీసు వచ్చింది: నెల రోజుల్లో ఐర్లాండ్ వదిలి పోవాలి. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చి, మూడేళ్లు ఖర్చుపెట్టి, చివరి మెట్టు మీద ఈ కాగితం! తల్లిదండ్రులు ఒక్క క్షణం జోగయ్య పంతులుగారి స్థానంలో ఉండి ఆలోచించండి. అయితే గడువు ముగియకముందే, జూన్ 21న, గిరిని ఐరిష్ బార్‌లోకి తీసుకున్నారు. బారిస్టరు పట్టా దక్కింది. బీఏ మాత్రం మధ్యలోనే ఆగిపోయింది.

తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో వకీలుగా చేరారు. ప్రాక్టీసు బాగానే పుంజుకుంది. ఆ పట్టా కోసం అంత అవస్థ పడిన మనిషి, గాంధీగారి పిలుపు విని 1920లో దాన్ని పక్కన పెట్టేశారు. ఇది అందరూ చేయగలిగిన పని కాదు, చేయమని నేను ఎవరికీ చెప్పను కూడా. కానీ డబ్లిన్‌లో చూసిన కార్మికుల సంగతిని మాత్రం గిరి ఏనాడూ పక్కన పెట్టలేదు. మన ఊరి మీదుగా పోయే రైలు అప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఆ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపారు, ఉద్యోగాలు పోయినవాళ్ల కోసం సమ్మె చేయించారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. 1937లో బొబ్బిలి రాజాను ఎన్నికల్లో ఓడించి మద్రాసు ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్రంలో అదే శాఖ చూశారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించిందని 1954లో ఆ పదవి వదులుకున్నారు.

తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, ఆపైన ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక రాష్ట్రపతిగా గెలిచారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.