శామీర్‌పేటను అధ్యయనం చేసిన శ్యామాచరణ్ దూబే

సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే దారిలో ఉన్న శామీర్‌పేటకు 1951లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఒక బృందం చేరుకుంది. వైద్యం, పశువైద్యం, వ్యవసాయం, విద్య వంటి శాఖలకు చెందినవారు అందులో ఉన్నారు. గ్రామానికి సేవ చేయడం, దాన్ని అధ్యయనం చేయడం రెండూ వారి బాధ్యతలే. పరిశోధనకు సారథ్యం వహించిన శ్యామాచరణ్ దూబేకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

1922లో నేటి మధ్యప్రదేశ్ ప్రాంతంలో జన్మించిన దూబే నాగపూర్‌లో రాజనీతి శాస్త్రం చదివారు. అయితే ఆయన మనసు ఛత్తీస్‌గఢ్ అడవుల వైపు మళ్లింది. అక్కడి జానపద గేయాలను సేకరించారు. పోడు వ్యవసాయంతో జీవించిన కమార్ గిరిజనులపై పరిశోధన చేశారు. అడవిపై ప్రభుత్వ ఆంక్షలు పెరిగిన కొద్దీ ఆ తెగ బతుకుతెరువు ఎలా మారిందో దగ్గరగా చూశారు. ఆ పరిశోధన 1951లో పుస్తకంగా వెలువడింది.

శామీర్‌పేటలో ఆయన చూసిన కాలం సామాన్యమైనది కాదు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాట విరమణ ప్రకటన 1951 అక్టోబరులో వెలువడింది. కొద్ది నెలలకే వయోజన ఓటు హక్కుతో తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. సుమారు 2,500 మంది నివసించే ఆ ఊరిలో మాత్రం దేశ్‌ముఖ్, పటేల్, పట్వారీల మాట ఇంకా చెల్లుతూనే ఉంది.

ఊరిలో ఒక మనిషి స్థాయిని నిర్ణయించేది ఏమిటి? దూబే దృష్టి ప్రధానంగా ఈ ప్రశ్నపైనే నిలిచింది. కులం ఒక్కటే జవాబని ఆయన సరిపెట్టుకోలేదు. భూమి, సంపద, ప్రభుత్వ కొలువు లేదా గ్రామ వ్యవస్థలో స్థానం, వయస్సు, వ్యక్తిగత గుణగణాలు కూడా కలిసి పనిచేస్తాయని గుర్తించారు. కాపులు, గొల్లలు, సాలెలు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు, మాలలు, మాదిగలు, ముస్లింల మధ్య వృత్తి సంబంధాలను, ఇచ్చిపుచ్చుకోవడాలను నమోదు చేశారు. మశూచి వస్తే పోచమ్మకు మొక్కే ఇంటివారే అవసరమైతే పట్నం ఆసుపత్రికీ వెళ్లేవారు. ఆ రెండింటి మధ్య వైరుధ్యం పరిశోధకునికి కనిపించవచ్చు గానీ, ఆ ఇంటివారికి కనిపించలేదు.

మందు ఇచ్చేవారికి, పశువుకు చికిత్స చేసేవారికి గ్రామంలో తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. సాయం చేసేవారి ముందు మనసులోని మాటంతా చెప్పడం పేదలకు ఎంతవరకు సాధ్యమన్నది వేరే ప్రశ్న. సేవను, పరిశోధనను జోడించే ఏ ప్రయత్నానికైనా ఈ చిక్కు తప్పదు.

ఆ అధ్యయన ఫలితమైన ఇండియన్ విలేజ్ 1955లో లండన్‌లో ప్రచురితమైంది. ఎం.ఎన్. శ్రీనివాస్ తాను పరిశోధించిన మైసూరు గ్రామాన్ని రాంపుర అనే మారుపేరుతో వ్యవహరించగా, దూబే మాత్రం శామీర్‌పేటను అసలు పేరుతోనే లోకానికి పరిచయం చేశారు. భారతీయ గ్రామం తనలో తానే బతికే చిన్న రాజ్యమన్న పాత భావనకు ఆ పుస్తకంలో చోటు లేదు. పెళ్లి సంబంధాలు, సంతలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు ఊరిని బయటి ప్రపంచంతో ముడివేశాయని అది చూపింది.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. దాని అమలును దూబే పశ్చిమ ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో పరిశీలించారు. 1958లో వెలువడిన ఇండియాస్ చేంజింగ్ విలేజెస్‌లో ఆయన తేల్చిన విషయం పాలకులకు రుచించేది కాదు. పథకం ఫలాల్లో అధికభాగం పలుకుబడి గల సంపన్న రైతులకే అందింది. పై అధికారుల ఆదేశాలకు, ఊరి అవసరాలకు మధ్య గ్రామసేవకుడు నలిగిపోయాడు. పథకాన్ని దూబే వ్యతిరేకించలేదు. అది ఎవరి గడప దగ్గర ఆగిపోయిందో మాత్రం నిర్మొహమాటంగా రాశారు. శామీర్‌పేటలో మనుషుల స్థాయీభేదాలను అంత ఓపికగా లెక్కించి ఉండకపోతే, ఆ తేడాను ఆయన అంత త్వరగా పట్టుకోగలిగేవారు కాదేమో.

తరువాత సాగర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా, సిమ్లాలోని భారతీయ ఉన్నత అధ్యయన సంస్థ సంచాలకునిగా, జమ్మూ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. సామాన్య పాఠకుల కోసం హిందీలోనూ విస్తారంగా రచనలు చేశారు. 1996 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన నడిచిన శామీర్‌పేట నేడు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో, అవుటర్ రింగ్ రోడ్డు చెంతన ఉంది.