పాదాల హకీము డాక్టర్ పాల్ బ్రాండ్

పెద్దయ్యాక ఏమవుతావురా అని మన పిల్లల్ని అడిగితే గుండె డాక్టరనో, కంటి డాక్టరనో అంటారు. కాళ్ళ డాక్టరునవుతానన్న పిల్లవాణ్ణి మేమింతవరకు చూడలేదు. అందుకే ఈ సావనీరులో డాక్టర్ పాల్ బ్రాండ్ గారి గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము.

ఆయన 1914లో తమిళదేశంలోని కొల్లి కొండలలో జన్మించినారు. తల్లిదండ్రులు ఇంగ్లండు నుండి వచ్చిన క్రైస్తవ మిషనరీలు. తొమ్మిదో ఏట చదువుకని ఇంగ్లండు పంపించారు. 1929లో తండ్రి ఇక్కడే జ్వరంతో కన్నుమూశారు. కొడుక్కి మళ్ళీ ఆయన్ని చూసే భాగ్యమే లేకపోయింది. మొదట్లో వైద్యమంటే పాల్‌కు గిట్టేది కాదు. తాపీపని, వడ్రంగం నేర్చుకున్నారు. తర్వాత మనసు మారి లండనులో డాక్టరీ చదివి, 1946లో వేలూరు ఆసుపత్రికి వచ్చినారు.

1947లో చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమంలో ఒక రోగి వంకరపోయిన చేతిని పట్టుకుంటే, ఆ పట్టుకి డాక్టరుగారికే నొప్పి పుట్టింది. చచ్చిపోయిందనుకున్న చేతిలో ఇంత బలమా! అదే ఆయన జీవితాన్ని మార్చింది. బాగున్న కండర నరాన్ని పడిపోయినచోట అతికి వేళ్ళు కదిలేటట్లు చేశారు.

పాదాలదీ పెద్ద సమస్యే. క్రిమి మాంసం తినేస్తుందని లోకం నమ్మేది. అసలు సంగతి వేరు. స్పర్శ పోయినందువల్ల మేకు గుచ్చుకున్నా తెలియదు, పుండు మీదే నడుస్తారు. పిండికట్టు వేసి ఆ కాలి మీద బరువు తగ్గిస్తే పుండు మానేది. 1930ల లోనే మన దేశంలో డాక్టర్ జోసెఫ్ ఖాన్ చూపిన దారి ఇది. మానినాక మళ్ళీ రాకుండా మెత్తని రబ్బరు చెప్పులు కుట్టించినారు. నేర్చిన వడ్రంగం వృథా పోలేదు.

ఒకసారి ఇంగ్లండులో రైలు దిగి మేజోడు విప్పితే ఆయన మడమకే స్పర్శ తెలియలేదు. సూది గుచ్చినా నొప్పి లేదు. తనకూ కుష్ఠు వచ్చిందని రాత్రంతా కంటిమీద కునుకు లేదు. తెల్లారి మళ్ళీ గుచ్చితే చురుక్కుమంది! రైల్లో కాలు నొక్కుకుపోయి తిమ్మిరెక్కిందంతే. ఆనాటి నుండి నొప్పిని దేవుడి కానుకగా ఎంచినారు.

1966లో అమెరికా వెళ్ళి, అక్కడ షుగరు రోగుల పాదాలకూ ఇదే వైద్యం నేర్పినారు. 2003లో పరమపదించారు.

బెల్లానికి పేరుమోసిన మన అనకాపల్లిలోనూ షుగరున్న పెద్దలు తక్కువేమీ లేరు. కాలి పుండు చిన్నదేగా అని ఊరుకుంటే కాలే తీసేయవలసి రావచ్చు. రోజుకైదుసార్లు వజూలో పాదాలు కడుగుతాము గదా, ఆ పూట అరికాలు కూడా తిప్పి చూసుకోవాలి. వేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి. చూపు ఆననివారికి మనవలు చూడాలి. అలా తాతగారి పాదం చేతబట్టిన పిల్లల్లో ఒక్కరైనా రేపు పాదాల వైద్యం చదివితే, అంతకంటె ఖిద్మత్ ఏముంటుంది? అల్లాహ్ అటువంటి బిడ్డల్ని మన ఇళ్ళకు ప్రసాదించుగాక, ఆమీన్.