ప్రార్థనాపరుడు పేర్ లవాల్

ఏటేటా సెప్టెంబరు 8వ తేదీ రాత్రి మారిషస్ ద్వీపమున నలుమూలల నుండి జనులు పోర్ట్ లూయీ నగరము చెంతనున్న సెంత్ క్రువాకు కాలినడకన బయలుదేరుదురు. క్రైస్తవులే గాక హిందువులు, మహమ్మదీయులు కూడ ఆ యాత్రికులలో నుందురు. అందరి గమ్యము ఒక ఫ్రెంచి గురువు యొక్క సమాధి. ద్వీపవాసులు పేర్ లవాల్ అని ప్రేమతో పిలుచుకొను జాక్ దెజిరే లవాల్ గారు అచ్చట విశ్రమించి యున్నారు. వేలాది జనుల నడుమ జీవితమంతయు శ్రమించిన ఆ మహనీయునకు బలమిచ్చినది మౌన ప్రార్థనయే.

లవాల్ గారు 1803 సెప్టెంబరు 18వ తేదీన ఫ్రాన్సు దేశమున, నార్మండీ ప్రాంతమందలి క్రోత్ గ్రామమున, కలిగిన రైతు కుటుంబమునందు జన్మించిరి. బాల్యముననే తల్లిని కోల్పోయిరి. కొంతకాలము మతగురువైన తండ్రి సోదరుని యొద్ద చదివి, పిదప పారిస్ నగరమున విద్య ముగించి, 1830లో వైద్య పట్టమును పొందిరి. స్వప్రాంతమునకు మరలి వైద్యవృత్తి నవలంబించిరి. రోగులయెడ దయగల వైద్యుడని పేరు వచ్చెను గాని, ఆ దినములలో వారి దైవభక్తి సన్నగిల్లెను. గుర్రపు స్వారీ యన్నను, మంచి దుస్తులన్నను వారికి మక్కువ. ఒకనాడు గుర్రముపై నుండి పడి ప్రాణాపాయమును తప్పించుకొనిరి. ఇట్టి అనుభవములు వారిని అంతర్ముఖుని గావించెను. 1835లో వైద్యవృత్తిని విడిచి పారిస్ నందలి సెయింట్ సుల్పీస్ గురువిద్యాలయమున చేరిరి.

ఆ విద్యాలయమును 17వ శతాబ్దమున స్థాపించిన ఓలియే గారు ధ్యానమునకు మూడు మెట్లు గల ఒక పద్ధతిని బోధించి యుండిరి. సాధకుడు మొదట యేసు ప్రభువును కన్నుల యెదుట నిలుపుకొని ఆరాధింపవలెను. పిదప ఆయనను హృదయమునకు ఆహ్వానింపవలెను. తుదకు ఆయన చిత్తమును తన చేతులతో నెరవేర్ప బూనవలెను. కన్నులు, హృదయము, చేతులు అను ఈ క్రమమునందు ధ్యానము ధ్యానముతోనే ముగియదు, దినచర్యయందు ఫలింపవలెను. అచ్చటనే లవాల్ గారికి ఫ్రాన్సువా లీబర్మాన్ గారితో పరిచయ మయ్యెను. యూదు మతాచార్యుని కుమారుడై జన్మించి, 1826లో జ్ఞానస్నానము పొందిన లీబర్మాన్ గారు మూర్ఛవ్యాధితో బాధపడుచు కూడ అపారమైన మనశ్శాంతి గలవారు. ప్రార్థనా సమయమునందే గాక పనియందును ఆత్మ దేవునితో ఐక్యమై యుండవచ్చునని వారు బోధించుచుండిరి.

1838లో గురుపట్టాభిషేకము పొందిన లవాల్ గారు, మరుసటి ఏట పింతర్విల్ అను చిన్న గ్రామమునకు విచారణగురువుగా వెళ్లిరి. గ్రామస్థులలో గుడికి వచ్చువారు బహు స్వల్పము. ఆయన నిరాశ చెందక, ఆ శూన్యమందిరమున దివ్యసత్ప్రసాదము ఎదుట గంటల తరబడి మోకరించి ప్రార్థించుచుండిరి. తనకున్నదానిని పేదలకు పంచుచుండిరి.

లీబర్మాన్ గారు నల్లజాతి ప్రజల సేవకై ఒక గురుసంఘమును నెలకొల్పగా లవాల్ గారు అందు చేరి, 1841 సెప్టెంబరు 14వ తేదీన మారిషస్ చేరిరి. అప్పటికి ద్వీపమున బానిసత్వము రద్దై ఆరేండ్లు గడిచెను. 1835లో విముక్తి ప్రకటించిరి గాని, 1839 వరకు ఆ జనులు పూర్వపు యజమానుల యొద్దనే నిర్బంధముగా పనిచేయవలసి వచ్చెను. వారు విడిచిన చెఱకు తోటలలోనికి భారతీయ కూలీలు వచ్చుచుండిరి. 1843లో కోరంగి రేవునుండి వచ్చిన తెలుగువారికి కోరంగీలను పేరు స్థిరపడెను.

లవాల్ గారు విముక్తులైన బానిసల భాషయగు క్రియోలును నేర్చి, వారికై సులభమైన ఉపదేశ గ్రంథమును కూర్చిరి. దినమంతయు పనిచేసి అలసి వచ్చువారికి సాయంకాలము ప్రార్థనలు నేర్పిరి. వారిలోనుండియే ఉపదేశకులను తయారుచేసి, తోటలలో చిన్న చిన్న ప్రార్థనాలయములను నెలకొల్పిరి. ఇది నచ్చని తెల్లవారు పలువురు ఆయనను ఎగతాళి చేసిరి, ఆటంకములు కల్పించిరి. ఆయన వారితో కలహింపలేదు, పనిని విడువలేదు. తాను మాత్రము చిన్న కుటీరమున నివసించుచు, స్వల్పాహారముతో తృప్తి పడుచుండిరి. 1854లో కలరా ప్రబలినపుడు ఆయనయు, ఆయన తయారుచేసిన ఉపదేశకులును రోగులకు పరిచర్య చేసిరి.

1856 తరువాత పక్షవాతము వారిని పలుమార్లు తాకెను. బోధింప శక్తి లేదు. ఊరూర తిరుగ శక్తి లేదు. ఎంతటి పనివానికైనను అది కఠిన పరీక్ష. పనియే సర్వస్వమైనచో ఆనాటితో ఆయన జీవితము వట్టిపోయి యుండెడిది. అట్లు కాలేదు. చేతులు విశ్రమించినను కన్నులును హృదయమును విశ్రమింపలేదు. పింతర్విల్ నందు వలెనే మరల దివ్యసత్ప్రసాదము ఎదుట మౌనముగా గంటలు గడుపుచు, తాను సేవింపలేని జనులకొఱకు ప్రార్థించుచుండిరి. 1864 సెప్టెంబరు 9వ తేదీన దైవసన్నిధి చేరిరి. అంత్యయాత్రకు వేలాది జనులు తరలివచ్చిరి.

1979 ఏప్రిల్ 29వ తేదీన రెండవ జాన్ పాల్ పోపు గారు రోమునగరమున ఆయనను ధన్యునిగా ప్రకటించిరి. 2019లో ఆయన వర్ధంతి దినముననే ఫ్రాన్సిస్ పోపు గారు మారిషస్‌కు వచ్చి ఆ సమాధిని దర్శించిరి.

పగలంతయు చెఱకు తోటలలో చెమటోడ్చి, రాత్రి దీపము చుట్టు కూర్చుండి రామభజన చేసిన పూర్వీకుల సంతతికి ఈ జీవిత మర్మము కొత్తది కాదు. మతములు వేరైనను, దేవుని యెదుట మౌనముగా కూర్చుండినవాడే జనుల నడుమ అలయక నిలువగలడని వారెరుగుదురు. సెంత్ క్రువా త్రోవలో తెలుగు వృద్ధులు కూడ నడచుటకు కారణమిదియే కావచ్చును.