బిల్ రాబిన్సన్: మెట్ల మీద జోడీ

1935లో వచ్చిన ‘ది లిటిల్ కల్నల్’ అనే హాలీవుడ్ సినిమాలో ఒక సీన్ ఉంది. రాత్రయింది. పాప పడుకోనని మారాం చేస్తోంది. ఇంట్లో పనిచేసే పెద్దాయన మెట్లెక్కుతూ, దిగుతూ డ్యాన్స్ చేసి చూపిస్తాడు. పాప మురిసిపోయి ఆయన చెయ్యి పట్టుకుంటుంది. ఇద్దరూ అడుగులు కలుపుతూ పైకి వెళ్తారు. అంతే సీన్. కానీ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ చెయ్యి పట్టుకునే ముక్కను కత్తిరించి మరీ సినిమా ఆడించారు. పాప షిర్లీ టెంపుల్ తెల్లవాళ్ల పిల్ల, పెద్దాయన బిల్ రాబిన్సన్ నల్లజాతి మనిషి. షూటింగ్ నాటికి పాపకు ఆరేళ్లు, ఆయనకు 56.

రాబిన్సన్ 1878 మే 25న వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు. ఒకప్పుడు బానిసగా బతికిన నానమ్మ దగ్గర పెరిగారు. వీధుల్లో డ్యాన్స్ చేసి, జనం విసిరిన చిల్లర ఏరుకోవడంతో ఆయన బతుకుదెరువు మొదలైంది.

ఆయనది ట్యాప్ డ్యాన్స్. తబలా మీద వేళ్లు చేసే పనిని ఇందులో పాదాలు చేస్తాయి. అప్పటిదాకా చాలామంది పాదమంతా నేలకు ఆనించి బరువుగా ఆడేవారు. రాబిన్సన్ మునివేళ్ల మీద లేచి, చెక్క సోల్ ఉన్న షూతో ఆడేవారు. శబ్దం ఎంత తేటగా ఉండేదంటే, కళ్లు మూసుకుని విన్నా ఒక్కో దెబ్బ విడివిడిగా లెక్కపెట్టొచ్చు. ఇక మెట్ల డ్యాన్స్‌లో ఒక్కో మెట్టుకు ఒక్కో స్వరం పలికించేవారు. 1918 నుంచి అదే ఆయన గుర్తింపు అయ్యింది.

ఆ రోజుల్లో తెల్లవాళ్లు నడిపే స్టేజీల మీద ఒక రూల్ ఉండేది. నల్లజాతి కళాకారుడు ఒంటరిగా స్టేజీ ఎక్కకూడదు, ఇద్దరు ఉండాల్సిందే. అందుకే రాబిన్సన్ 1902 నుంచి పన్నెండేళ్లు జార్జ్ కూపర్‌తో కలిసి ఆడారు. ఆ తర్వాత ఒంటరిగా స్టేజీ ఎక్కి ఆ రూల్‌ను బద్దలుకొట్టిన తొలితరం వాళ్లలో ఆయన ఒకరు.

హాలీవుడ్‌కు వెళ్లేసరికి కథ తిరగబడింది. 1930లలో అక్కడ జోడీలదే రాజ్యం. ఫ్రెడ్ ఆస్టైర్, జింజర్ రోజర్స్ 1933 నుంచి 1939 వరకు తొమ్మిది సినిమాల్లో కలిసి నటించారు. వాళ్ల డ్యాన్స్ చూడటానికే జనం టికెట్ కొనేవారు. ఆర్థిక మాంద్యంతో ఉద్యోగాలు పోయిన కాలంలో ఆ గంటన్నర అదో వేరే లోకం. 1936లో వచ్చిన ‘స్వింగ్ టైమ్’లో ఆస్టైర్ రాబిన్సన్‌ను తలచుకుంటూ ఒక డ్యాన్స్ కూడా చేశారు, అదీ ముఖానికి నలుపు పూసుకుని. గౌరవించాలనే ఉద్దేశంతోనే చేసినా, ఈనాడు చూస్తే మనసు చివుక్కుమంటుంది. అసలు రాబిన్సన్‌కు మాత్రం తెల్ల హీరోయిన్ పక్కన ఆడే చోటే లేదు. చిన్నపిల్ల అయితేనే ఒప్పుకున్నారు.

ఆయన షిర్లీతో నాలుగు సినిమాల్లో నటించారు. తన మెట్ల డ్యాన్స్‌ను పాప కాళ్లకు సరిపోయేలా మార్చి, ఓపిగ్గా నేర్పించారు. పాప ఆయన్ని అంకుల్ బిల్లీ అని పిలిచేది. ఆ అభిమానం జీవితాంతం పోలేదు. వేషాలు మాత్రం నౌకరు లాంటివే. ‘ది లిటిలెస్ట్ రెబెల్’లో అయితే యజమాని మీద విశ్వాసం చూపే బానిస. తెల్లవాళ్లను మెప్పించడానికి తలవంచాడని సొంత జాతి జనంలోనే కొందరు విమర్శించారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ కాలంలో స్టూడియోలు ఆయనకు ఇంకో వేషం ఇచ్చింది ఎక్కడ?

1943లో వచ్చిన ‘స్టార్మీ వెదర్’లో మాత్రం ఇచ్చారు. అందరూ నల్లజాతి నటులే, కథకు ఆధారం ఆయన జీవితమే. హీరోయిన్ లీనా హోర్న్ ఆయన కంటే 39 ఏళ్లు చిన్నది. అప్పటికి ఆయనకు 65 నిండాయి. పైగా ఆ సినిమా అంటే ఈనాటికీ జనం ముందు చెప్పుకునేది నికోలస్ బ్రదర్స్ అనే కుర్రాళ్ల డ్యాన్స్ గురించి. అది కూడా మెట్ల మీదే!

ఆనాటి నల్లజాతి కళాకారుల్లో ఆయన సంపాదనే ఎక్కువని పేరు. కానీ చెయ్యి నిలవదు. సగం దానధర్మాలకు, సగం జూదానికి పోయింది. 1949 నవంబర్ 25న న్యూయార్క్‌లో 71 ఏళ్ల వయసులో చనిపోయేనాటికి చేతిలో పైసా లేదు. అంత్యక్రియల ఏర్పాట్లు టీవీ ప్రముఖుడు ఎడ్ సలివన్ చూశారు. హార్లెమ్‌లో బడులకు సెలవిచ్చారు. వేలమంది గంటల తరబడి లైన్లో నిలబడి ఆఖరి చూపు చూసి వెళ్లారు.

1933లో సొంతూరు వెళ్లినప్పుడు, ఒక కూడలిలో పిల్లలు ప్రాణాలరచేత పెట్టుకుని రోడ్డు దాటడం చూసి, తన డబ్బుతో ట్రాఫిక్ సిగ్నల్ పెట్టించారు. 1973లో అదే కూడలిలో ఆయన విగ్రహం నిలిపారు. ఆ విగ్రహం మెట్ల మీద డ్యాన్స్ చేస్తూ ఉంటుంది, పక్కన ఎవరూ లేకుండా.