కాటన్ దొర - కాలువ గట్టున పెరిగిన ఊళ్ళు

గోదావరి రేవుల్లో స్నానం చేసి సంకల్పం చెప్పుకునేటప్పుడు దేవతల పేర్లతోపాటు ఒక తెల్లదొరను కూడా తలచుకునే పెద్దలు మన ప్రాంతంలో ఉన్నారు. పరాయి పాలకుల మనిషికి ఇంత పూజ ఎందుకని కుర్రకారుకి అనుమానం రావచ్చు. రావడం మంచిదే. జవాబు కావాలంటే గుడిలో కాదు, మన కాలువ గట్టు మీద నిలబడి వెతకాలి.

మండపేట, రామచంద్రపురం, అమలాపురం - ఈవేళ మనం పట్నాలంటున్నవన్నీ చేలను నమ్ముకుని బతికిన ఊళ్ళే. పంట పండితే సంత. సంత ముదిరితే బజారు. బజారు వెనక రైసు మిల్లు, మిల్లు వెనక బడి, బడి వెనక కాలేజీ. కె.గంగవరం పట్నం కాలేదు గాని దాని కథా అదే వరసలోది. అయితే ఈ గొలుసుకి మొదటి లంకె నీరు. ఆ నీటిని నిలబెట్టిన మనిషి ఆర్థర్ కాటన్.

ఆయన 1803 మే 15న ఇంగ్లండులో, పిల్లలు ఎక్కువగా ఉన్న ఇంట్లో పుట్టాడు. పదిహేనో ఏట ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం సంపాదించి, 1821లో మన దేశం వచ్చాడు. బర్మా యుద్ధానికి వెళ్ళాడు. కాని ఆయన్ని నిజంగా తయారుచేసింది యుద్ధం కాదు, తంజావూరు. అక్కడ కావేరి మీద చోళుల నాటి కల్లణై ఉంది. గట్టి పునాది దొరకని ఇసుక మీద రాళ్ళు పేర్చి, అవి కుంగి కుదురుకున్నాక పైన మళ్ళీ కట్టుకుంటూపోయే కిటుకు మనవాళ్ళదే. దొర దాన్ని చూసి నేర్చుకున్నాడు; నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు కూడా. 1836లో కొళ్ళిడం నది మీద ఆనకట్టలు కట్టించి తంజావూరు పొలాలను నిలబెట్టాడు. కాబట్టి మన గోదావరి ఆనకట్ట సీమ నుంచి దిగుమతి అయిన తెలివి అనుకుంటే పొరపాటే!

ఇక్కడ మన సంగతి ఎలా ఉండేదో చూడండి. పక్కనే గోదావరి పారుతున్నా చేలకి చుక్క ఎక్కేది కాదు. వస్తే వరద, లేకపోతే ఎండ. 1832-33 కరువు గుంటూరుతో ఆగలేదు, ఈ వైపూ జనాన్ని తుడిచిపెట్టింది. 1839లో కోరంగిని ఉప్పెన ముంచింది. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా ఇరవై ఏళ్ళలో ఆరు లక్షల లోపుకి దిగజారింది. పన్ను వసూలు కాక కుంపిణీకి కూడా చురుకు తగిలింది. 1844లో మాంట్‌గోమరీ అనే అధికారి జిల్లా దుస్థితి మీద నివేదిక ఇచ్చాడు. గోదావరిని పరిశీలించే పని కాటన్‌కి అప్పగించారు.

ఆయన కాలినడకన, గుర్రం మీద, పడవ మీద డెల్టా అంతా చుట్టబెట్టి, ధవళేశ్వరం దగ్గర నదికి అడ్డంగా కట్టవచ్చునని తేల్చాడు. అక్కడ నది వెడల్పు సుమారు నాలుగు మైళ్ళు. మధ్యలో లంకలు ఉండడం కలిసొచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం - ఈ నాలుగు పాయల మీద కలిపి రెండు మైళ్ళకి పైబడిన కట్ట! 1847లో పని మొదలైంది. దగ్గరి కొండ రాయిని పట్టాల మీద బళ్ళలో చేరవేశారు. వేలాది కూలీలు ఎండలో సున్నం కలిపారు, ఇసుకలో రాళ్ళు దింపారు. 1848లో దొరకే ఎండదెబ్బ తగిలి ఆస్ట్రేలియా వైపు వెళ్ళవలసి వచ్చింది; ఆయన వచ్చేదాకా కెప్టెన్ ఆర్ పని నడిపించాడు. కూలీలను కూడగట్టి, పనికీ దొరకీ మధ్య వారధిగా నిలిచినవాడు వీణం వీరన్న. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆ వెంటనే హేగ్ అనే యువ ఇంజనీరు గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు కట్టి, కాలువనే నది మీదుగా దాటించి నగరం లంకకి నీరిచ్చాడు.

కాటన్‌కి కాలువంటే సాగునీరొక్కటే కాదు, దారి కూడా. అందుకే లాకులు పెట్టించాడు. ధాన్యం పడవలు కాకినాడ దాకా నడిచాయి. రైళ్ళకన్నా కాలువలే ఈ దేశానికి చవక అని ఆయన జీవితమంతా వాదించి, పెద్దలతో పేచీలు తెచ్చుకున్నాడు. కాలం రైలు వైపే మొగ్గింది. అయినా ఒక తమాషా: 1928లో కోటిపల్లికి వచ్చిన రైలు పట్టాలను 1940లో యుద్ధం కోసం పీక్కుపోయారు, మళ్ళీ రైలు రావడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. కాలువను మాత్రం ఎవరూ పీకలేదు.

1861లో ఆయనకి సర్ బిరుదు వచ్చింది. 1878లో, ముసలితనంలో, పార్లమెంటు సంఘం ఎదుట నిలబడి తన లెక్కలకి సంజాయిషీ చెప్పుకోవలసీ వచ్చింది. చివరి రోజుల్లో డార్కింగ్‌లో తన పెరట్లో లోతు దుక్కితో గోధుమ పండిస్తూ ప్రయోగాలు చేశాడు. ఇంజనీరుగా మొదలై రైతుగా ముగిశాడన్నమాట. 1899 జులై 24న, తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన దేవుడా? కాదు. కుంపిణీ డబ్బు పెట్టింది శిస్తు పెరుగుతుందనే, పెరిగింది కూడా. నీరు వచ్చిన చేలు ఎవరివో, ఆ చేలలో నాట్లు వేసి కోతలు కోసిన చేతులు ఎవరివో మనకి తెలియనిది కాదు. రాయి మోసిన కూలీకి విగ్రహం లేదు. ఈ మాట దాచిపెట్టి దండ వేస్తే అది సగం కృతజ్ఞతే. అయితే, జనం ఆకలి తీరాలన్న పట్టుదల లేకుండా కేవలం శిస్తు లెక్కతో ఇంత పని ఎవరూ చేయరన్నదీ అంతే నిజం.

పాత ఆనకట్ట స్థానంలో 1970లో శంకుస్థాపన జరిగిన బ్యారేజీ 1982లో పూర్తయి, ఆయన పేరే పెట్టుకుంది. పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు దాని మీదే ఆధారపడింది. మరి, ఇంత నీరున్న కోనసీమలోనే 2011లో రైతులు సార్వా వేయబోమని పంట విరామం ప్రకటించారే! మురుగు కాలువలు పూడిపోయి చేలు మునగడం, పెట్టుబడి తిరిగి రాకపోవడం - కారణాలు ఇవీ. నీరు తేవడం మొదటి సగం. దిగిపోయే నీటికి దారి చూపడం, పండినదానికి ధర ఇప్పించడం రెండో సగం. మొదటి సగం నూట డెబ్బై ఏళ్ళ కిందటే అయిపోయింది.

2022లో కొత్తగా కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు మా కె.గంగవరం మండలం అందులో చేరింది. జిల్లా పేరు మారినా చేను మారలేదు. మే 15న కాటన్ విగ్రహానికి దండ వేసే మిత్రులు, అక్కడి నుంచి తిన్నగా తమ ఊరి మురుగు కాలువ దాకా ఒకసారి నడిచి వెళ్ళాలని నా మనవి. గుర్రపుడెక్క కింద నీరు కదులుతున్నదో లేదో చూసి వస్తే చాలు. దొరకి మనం ఎంత బాకీ ఉన్నామో ఎవరూ చెప్పనక్కరలేదు.