మూడు వ్యవస్థల గుమ్మాల్లో థర్‌గుడ్ మార్షల్

1967 జూలైలో అమెరికా సెనేట్ న్యాయ కమిటీ ముందు ఒక నల్లజాతి న్యాయవాది కూర్చున్నారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆయన పేరును ప్రతిపాదించారు. ఆ నియామకానికి సెనేట్ ఆమోదం తప్పనిసరి. దక్షిణ కరొలైనా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ ఆయనకు అరవైకి పైగా ప్రశ్నలు వేశారు. శతాబ్దం కిందట 14వ రాజ్యాంగ సవరణను రూపొందించిన కమిటీలో ఎవరెవరున్నారన్నంత సూక్ష్మమైన ప్రశ్నలవి. ఆ సవరణనే ఆయుధంగా చేసుకుని పాఠశాలల్లో వర్ణవివక్షను ఓడించిన మనిషికి పెట్టిన పరీక్ష అది. మన విశ్వవిద్యాలయాల్లో ఇంటర్వ్యూ బోర్డుల ముందు కూర్చున్న దళిత అభ్యర్థులకు ఆ దృశ్యాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

థర్‌గుడ్ మార్షల్ 1908లో మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో పుట్టారు. ముత్తాత బానిస. తల్లి ఉపాధ్యాయురాలు. తండ్రి రైళ్లలోనూ, తరువాత శ్వేతజాతీయుల క్లబ్బులోనూ పనిచేశాడు; కోర్టు వాదనలు విని వచ్చి కొడుకులతో తర్కించడం ఆయనకు అలవాటు. సొంత రాష్ట్రపు న్యాయ కళాశాల నల్లవారిని చేర్చుకోదు కనుక మార్షల్ వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో చదివి, 1933లో తరగతిలో ప్రథముడిగా నిలిచారు. రెండేళ్లకే గురువు చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్‌తో కలిసి అదే మేరీలాండ్ కళాశాల తలుపులను కోర్టు ద్వారా తెరిపించారు.

ఆయన కోర్టుల దారి పట్టడానికి కారణం ఉంది. అమెరికా కాంగ్రెస్‌లో, అంటే వారి పార్లమెంటులో, దక్షిణాది సెనేటర్లు అంతులేని ప్రసంగాలతో పౌరహక్కుల బిల్లులను అడ్డుకునేవారు. మూకహత్యలను ఫెడరల్ నేరంగా చేసే బిల్లులు కూడా అలాగే వీగిపోయాయి. దక్షిణాదిలో అత్యధిక నల్లవారికి ఓటు వేసే అవకాశమే లేదు, కనుక ఆ సెనేటర్లకు ఓటమి భయమూ లేదు. ఎన్నికలతో నిమిత్తం లేకుండా జీవితకాలం కొనసాగే ఫెడరల్ న్యాయమూర్తులే మిగిలిన దిక్కు. 1954 మే 17న బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా పాఠశాలల్లో వర్ణవిభజన చెల్లదన్నది.

పాఠ్యపుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది. కానీ కోర్టు చేతిలో సైన్యం లేదు, ఖజానా లేదు. 1955 నాటి అనుబంధ తీర్పు అమలుకు గడువే పెట్టలేదు. 1956లో కాంగ్రెస్ సభ్యులు 101 మంది బ్రౌన్ తీర్పును ధిక్కరిస్తూ ప్రకటన చేశారు. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను బడిలోకి పంపడానికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైనికులను దించవలసి వచ్చింది. తీర్పు వచ్చి దాదాపు పదేళ్లయినా, దక్షిణాది నల్లజాతి పిల్లల్లో శ్వేతజాతి పిల్లలతో కలిసి చదువుతున్నవారు నూటికి ఇద్దరైనా లేరు. వివక్ష పాటించే సంస్థలకు ఫెడరల్ నిధులు ఆపివేయవచ్చని 1964 పౌరహక్కుల చట్టం చెప్పాకే బడి తలుపులు వేగంగా కదిలాయి. మన అనుభవం దీనికి తారుమారు: 1951లో మద్రాసు రాష్ట్రపు కమ్యూనల్ జీవోను (ఆంధ్ర జిల్లాలు అప్పుడు అందులోనివే) సుప్రీంకోర్టు కొట్టివేస్తే, పార్లమెంటు అదే ఏడాది మొదటి సవరణతో 15(4)ను చేర్చింది. ఏ వ్యవస్థనూ శాశ్వత మిత్రుడిగా నమ్ముకోలేం.

ఆ సంగతి మార్షల్‌కు అనుభవంలోనే తెలిసింది. 1961లో కెనెడీ ఆయనను అప్పీళ్ల కోర్టుకు ఎంపిక చేశారు. న్యాయ కమిటీ అధ్యక్షుడు మిసిసిపీకి చెందిన ఈస్ట్‌లాండ్. సెనేట్ విరామంలో ఉండగా అధ్యక్షుడు చేసే తాత్కాలిక నియామకంతో మార్షల్ పదవిలో చేరారు. ఆమోదం 1962 సెప్టెంబరులో గానీ రాలేదు. 1965లో జాన్సన్ పిలుపు మీద ఆ జీవితకాల పదవిని వదులుకుని, సుప్రీంకోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే సొలిసిటర్ జనరల్ అయ్యారు. నాకు ఆయన జీవితంలో అతి సాహసోపేతంగా కనిపించే నిర్ణయం ఇదే. మిసిసిపీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తల హత్యపై పెట్టిన అభియోగాలను కింది కోర్టు చాలావరకు కొట్టివేస్తే, 1966లో ఆయన వాదించి వాటిని నిలబెట్టారు. అంతర్యుద్ధం తరువాత కాంగ్రెస్ చేసిన చట్టాలు, ప్రాసిక్యూషన్‌కు పూనుకున్న ప్రభుత్వం, వాటిని సమర్థించిన కోర్టు ఆ కేసులో ఒక్కచోట చేరాయి. మరుసటి ఏడాది జ్యూరీ ఏడుగురిని దోషులుగా తేల్చింది.

థర్మండ్ ప్రశ్నలు ముగిశాక సెనేట్ 69–11 ఓట్లతో ఆయనను ఆమోదించింది. ఇరవై మంది ఓటే వేయలేదు. జాన్సన్ బుజ్జగింపుల ఫలితమని చరిత్రకారులంటారు. సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి ఆయనే. అయితే అధ్యక్షులు మారితే ధర్మాసనమూ మారుతుంది. 1974లో డెట్రాయిట్ నల్లజాతి పిల్లలను శివార్లలోని శ్వేతజాతి బడులతో కలిపే పథకాన్ని కోర్టు 5–4తో తిరస్కరించింది. ఆ అయిదుగురిలో నలుగురు నిక్సన్ నియమించినవారు. మార్షల్ అసమ్మతి తీర్పు రాశారు. 1978 బాకీ కేసులో, శతాబ్దాల బానిసత్వాన్ని విస్మరించి సమానత్వాన్ని కొలవలేమని విడిగా రాశారు.

1991లో అనారోగ్యంతో పదవి విరమించారు. రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ ఆ స్థానానికి క్లారెన్స్ థామస్‌ను ఎంపిక చేశారు. ఆయనా నల్లజాతివారే, కానీ జాతి ప్రాతిపదికన ప్రత్యేక అవకాశాలకు వ్యతిరేకి. సెనేట్ 52–48తో సరేనన్నది. 1993 జనవరి 20న డెమోక్రాట్ అధ్యక్షుడు క్లింటన్ పదవి చేపట్టారు. ఆ రోజు ఉపాధ్యక్షుడు అల్ గోర్ చేత ప్రమాణం చేయించవలసినవారు మార్షల్, ఆరోగ్యం సహకరించలేదు. నాలుగు రోజులకు కన్నుమూశారు.